షుగర్ ఉన్న పిల్లలకు రెటీనా పరీక్ష ఎప్పుడు, ఎలా

షుగర్ ఉన్న పిల్లాడిని చూపు ఎలా ఉందని అడిగితే బాగానే ఉందంటాడు. అబద్ధమేమీ కాదు. కంటి వెనక పొర అయిన రెటీనాలోని సన్నటి రక్తనాళాలు అక్కడక్కడా ఉబ్బి ఎర్రటి చుక్కలు పడినా, దాని నడిమధ్య ఉండి సూటి చూపునిచ్చే మాక్యులా జోలికి రానంతవరకు చూపు తగ్గదు, నొప్పీ ఉండదు. అందుకే బడిలో చార్టు చదివించడం, కళ్లజోళ్ల షాపులో నంబరు చూపించుకోవడం ఈ లెక్కలోకి రావు. చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేసి రెటీనా చూడాలి, లేదా ఫండస్ కెమెరాతో ఫొటో తీయించాలి.

టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని రకం) అయితే రెండు లెక్కలు కలిపి చూడండి. షుగర్ వచ్చి 3 నుంచి 5 ఏళ్లు కావాలి, పిల్లలకు 11 ఏళ్లు నిండాలి లేదా అంతకంటే ముందే యుక్తవయసు మార్పులు మొదలై ఉండాలి. ఏడేళ్లప్పుడు బయటపడితే 11లో చేయించవచ్చు. 12లో బయటపడితే 15 నుంచి 17 లోపు. ఆ తర్వాత మామూలుగా రెండేళ్లకోసారి. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ ఎక్కువగా ఉంటేనో, బీపీ ఉంటేనో, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతుంటేనో డాక్టరు ఇంకా త్వరగా రమ్మంటారు. టైప్ 2 (ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయని రకం) అయితే తెలిసిన వెంటనే చేయించి, ఏటా చూపించాలి. అది ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు కదా.

షుగర్ చూసే డాక్టరు ఒకచోట, కళ్లు చూసే డాక్టరు ఇంకోచోట ఉంటారు. విశాఖలో హనుమంతవాక జంక్షన్ దగ్గరి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి వెళ్లినా, ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి వెళ్లినా కాగితాలు మోసేది మీరే. చివరి మూడు హెచ్‌బీఏ1సీ రిపోర్టులు, షుగర్ బయటపడిన నెల, సంవత్సరం, ఇన్సులిన్ పేర్లు, మోతాదులు రాసి పట్టుకెళ్లండి.

పరగడుపున వెళ్లనక్కర్లేదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: ఇన్సులిన్ వేసి, టిఫిన్ వాయిదా వేసి, క్యూలో రెండు గంటలు కూర్చోబెడతారు. చుక్కల మందు పనిచేయడానికే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. గ్లూకోమీటరు, గ్లూకోజు పొడి, బిస్కెట్లు సంచిలో ఉండాలి. షుగర్ 70 లోపుకు దిగితే 15 గ్రాముల గ్లూకోజు, అంటే మూడు టీస్పూన్లు నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి.

మందు వేశాక కొన్ని గంటలపాటు దగ్గరివి మసకగా కనిపిస్తాయి. తన ఇన్సులిన్ తనే ఎక్కించుకునే పిల్లలకు ఆ పూట సిరంజి గీతలు సరిగా కనిపించవు. డోసు పెద్దవాళ్లే తీయండి. బీచ్ రోడ్డు ఎండలో బైకు వెనక కూర్చోబెట్టుకుని వచ్చేటప్పుడు కళ్లు తెరవలేరు, నల్లద్దాలో టోపీయో పెట్టండి.

రిపోర్టు లేకుండా "బాగుంది" అనే మాటతో వచ్చేయకండి. రెండు కళ్లకూ విడివిడిగా రాయించుకోండి. "మైల్డ్ ఎన్‌పీడీఆర్" అని ఉంటే షుగర్ వల్ల రెటీనాలో కొన్ని చుక్కలు పడ్డాయని, ఇంకా తొలి దశేనని. దానికి మామూలుగా లేజర్ అవసరం పడదు, మళ్లీ ఎప్పుడు రావాలో మాత్రం తేదీ అడగండి. అది చూసి భయపడి షుగర్‌ను ఒక్కసారిగా కిందికి లాగొద్దు. చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్ వేగంగా దిగితే రెటీనా మార్పులు కొంతకాలం ముదరడమూ ఉంది. తగ్గించే వేగం షుగర్ డాక్టరు చెప్పాలి, ఇన్సులిన్ పంపు మొదలుపెట్టే ముందూ కళ్లు చూపించాలి.

కొత్తగా ఇన్సులిన్ మొదలైన వారాల్లో మసకగా ఉందంటే తరచూ కంటి లెన్సులో నీరు మారడమే కారణం. అప్పుడే కళ్లజోడు చేయిస్తే నెల తిరిగేసరికి ఆ నంబరు పనికిరాదు. షుగర్ కుదుటపడి నాలుగు నుంచి ఆరు వారాలయ్యాక కొలిపించండి. ఉన్నట్టుండి మసకబారితే ముందు గ్లూకోమీటరు చూడండి, షుగర్ పడిపోయినా అలాగే ఉంటుంది.

ఇంట్లో నెలకోసారి గోడ క్యాలెండరు అంకెలను పది అడుగుల దూరం నుంచి ఒక్కో కన్నుతో చదివించండి. మూసే కంటిని అరచేయితో నొక్కకూడదు. ఒక కన్ను వెనకబడితే ఆ వారంలోనే చూపించండి. కంటిపాపలో తెల్లగా కనిపిస్తే అది శుక్లం కావచ్చు, షుగర్ ఉన్న పిల్లలకు అరుదుగా చిన్న వయసులోనే రావచ్చు. నల్లటి చుక్కలు తేలుతున్నాయన్నా, తెర పడ్డట్టుందన్నా, మెరుపులన్నా అదే రోజు బయల్దేరండి.