సైన్స్ ఫిక్షన్ సీరియల్‌ని చెవులతో చూడటం ఎలా?

పర్లాకిమిడిలో మా మేడ మీద ఆదివారం సాయంత్రాలు అన్నయ్య పిల్లలతో కలిసి ‘డాక్టర్ హూ’ చూస్తుంటాను. ఒడియా మీడియంలో చదివే ఆ పిల్లలకి అందులోని ఇంగ్లిషు సగమే అందుతుంది. అయినా ఎక్కడ భయపడాలో ముందే తెలిసిపోతుంది. తెలిపేది సంగీతమే. దాన్ని పట్టుకోవడం ఇలా.

మొదట, పాత టైటిల్ సంగీతాన్ని కళ్లు మూసుకుని వినండి. ఈ సీరియల్ 1963 నవంబరు 23న బీబీసీలో మొదలైంది. బాణీ కట్టింది రాన్ గ్రెయినర్. దానికి ఆ వింత గొంతునిచ్చింది డీలియా డెర్బీషైర్. కింద ధమ్ ధమ్మని నడిచే భాగం కోసం ఆవిడ ఒకే తీగను మీటి టేపు మీద రికార్డు చేశారు. వేగం మార్చి స్వరాలు పుట్టించారు. ఆ ముక్కలన్నీ కత్తిరించి అతికించారు. పైన జారే ఊళ మాత్రం ఆసిలేటర్లది, అంటే కరెంటుతో స్వరం పుట్టించే పరికరాలది. అది వింటే నాకు మన జముకుల కథ గుర్తొస్తుంది. జముకు తీగ బిగువు మారినప్పుడు స్వరం వంగేది అలాగే కదా! ఇంత చేసిన మనిషి పేరు ఆ సీరియల్ టైటిల్స్‌లో పడింది 2013లో, ఆవిడ పోయాక. తలుచుకుంటే బాధేస్తుంది.

తర్వాత 1980లో పీటర్ హోవెల్ సింథసైజర్లతో చేసినదీ, 2005లో మరే గోల్డ్ ఆర్కెస్ట్రాతో చేసినదీ వరసగా వినండి. 1963 నాటిదాంట్లో చీకటి, 2005 నాటిదాంట్లో సాహసం. నటుడు మారినప్పుడల్లా హీరో ముఖమే మారిపోయే సీరియల్‌కి ఆ బాణీయే ఇంటి గడప.

ఇప్పుడు ఒక భయం సీన్‌ని మ్యూట్‌లో చూసి, మళ్లీ సౌండ్‌తో చూడండి. సంగీతం ఆగిపోయే చోట్లు రాసుకోండి. టెన్షన్ ఎక్కువగా అక్కడే ఉంటుంది. హీరో కాలంలో ప్రయాణించే నీలం పెట్టె ‘టార్డిస్’ దిగేటప్పటి మూలుగునీ వదలొద్దు. బ్రయన్ హాడ్జ్‌సన్ పాత పియానో తీగల మీద తాళంచెవితో గీకి తయారుచేసిన శబ్దం అది. ఆ పెట్టె కనబడకముందే అది వినిపిస్తే మా పిల్లలు లేచి కూర్చుంటారు.

చివరగా మీరే ఒకటి చేయండి. రబ్బరు బ్యాండో, స్టీలు గ్లాసో ఫోన్‌లో రికార్డు చేసి సగం వేగంతో వినండి. స్వరం సరిగ్గా ఒక స్థాయి (ఆక్టేవ్), అంటే పై ‘స’ నుంచి కింది ‘స’కి ఉన్నంత, కిందికి దిగుతుంది. కొన్ని యాప్‌లు వేగం మార్చినా శ్రుతి మారనివ్వవు, ఆ సెట్టింగ్ తీసేయండి. అన్నయ్య కూతురు మా ఇనప గేటు కిర్రుమనడాన్ని అలా సాగదీసి వినిపించింది. పెద్ద ఓడేదో మేడ మీద దిగుతున్నట్టే ఉంది.