ఐస్ హాకీ జట్ల లోగోలకు మార్కులు వేయడం ఎలా?

కిందటి సంక్రాంతికి మా పిన్ని ముగ్గుల పుస్తకం ముందేసుకుని కూర్చుంటే, పక్కన చేరి నా ఫోన్‌లో పన్నెండు బొమ్మలు చూపించాను. అన్నీ అమెరికా, కెనడాల్లో ఆడే నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) జట్ల లోగోలే, ఒక్కటి మాత్రం ఇప్పుడు లేని జట్టుది. మంచు మీద హాకీ ఆడతారన్న సంగతే ఆవిడకు తెలీదు. ఒక్కో బొమ్మను మూడు సెకన్లు చూపించి, ఫోన్ బోర్లా పెట్టి, "ఇప్పుడు గియ్యి పిన్నీ" అన్నాను. ఇంటర్నెట్‌లో ఏళ్ళ తరబడి ర్యాంకింగులు చదివినా తెలియనిది ఆ అరగంటలో తెలిసింది.

ర్యాంకింగులు రాసేవాళ్ళు చాలామంది లోగోకి కాకుండా జట్టుకి మార్కులేస్తారు. కప్పు గెలిచిన ఏడాది ఎంత నాసిరకం లోగో అయినా ముద్దొస్తుంది. లోగోని జట్టు నుంచి విడదీసి చూడటమే ఇందులో కష్టమైన పని, కింద చెప్పే పద్ధతి అందుకే. కావలసినవి నాలుగైదు తెల్లకాగితాలు, ఒక పెన్సిలు, హాకీ ఊసు తెలియని మనిషి ఒకరు.

మొదట జతలు కట్టండి

లీగ్‌లో ఇప్పుడు 32 జట్లున్నాయి. అన్నీ ఒకేసారి పరిచారంటే, పదో లోగో దగ్గరికొచ్చేసరికి మొదటిదానికి ఎనిమిది ఎందుకు వేశారో మీకే గుర్తుండదు. ఒకే రకం ఆలోచనతో పుట్టిన వాటిని రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టండి. డెట్రాయిట్ రెడ్ వింగ్స్, ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ లోగోల్లో ఉన్నవి రెక్కలే. న్యూజెర్సీ డెవిల్స్, పాత హార్ట్‌ఫర్డ్ వేలర్స్ రెండూ అక్షరాల్నే బొమ్మగా మలిచాయి. మిన్నెసోటా వైల్డ్‌కీ శాన్ హోసే షార్క్స్‌కీ జంతువు ఉంది. టొరంటో ఆకుతో లాస్ ఏంజెలెస్ కిరీటాన్ని పోల్చబోతే మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టినట్టే ఉంటుంది.

మూడు సెకన్లు చూపించి గీయించండి

గీసిన బొమ్మ అందంగా ఉందా అని చూడకండి. ఏది గుర్తుండిపోయింది, ఏది జారిపోయింది అన్నదే చూడండి. పిన్ని ఫిలడెల్ఫియా లోగోని ఇంచుమించు సరిగ్గా గీసేసింది. 'పి' అక్షరం, వెనక్కి లాగినట్టున్న రెక్కలు, మధ్యలో నారింజ రంగు చుక్క. 1967 నుంచి ఆ జట్టు దాన్ని పెద్దగా మార్చకుండా వాడుకుంటోందంటే ఊరికే కాదు.

మిన్నెసోటా దగ్గర ఆగిపోయింది. ఆ లోగోలో జంతువు తల లోపల ఒక అడవే ఉంటుంది. చెట్లు, నోటి దగ్గర ఏరు, కన్ను ఉండాల్సిన చోట నక్షత్రం. 1993లో డాలస్‌కి వెళ్ళిపోయిన పాత జట్టు నార్త్ స్టార్స్‌ని తలచుకుంటూ ఆ నక్షత్రం పెట్టారు. పెద్ద కాగితం మీద చూస్తే ముచ్చటగానే ఉంటుంది. పిన్ని మాత్రం, "ఇది పిల్లా ఎలుగుబంటా ఏంట్రా?" అంది. ఆ జట్టు అభిమానులు కూడా ఇదే అడుగుతుంటారని చెప్తే నవ్వింది.

ఇప్పుడు లేని జట్టు హార్ట్‌ఫర్డ్ వేలర్స్. వేలర్ అంటే తిమింగలాల వేటగాడు. 1979లో ఎన్‌హెచ్‌ఎల్‌లోకి వచ్చేటప్పుడు పీటర్ గుడ్ అనే డిజైనర్ దీని లోగో గీశారు. పైన నీలం రంగులో తిమింగలం తోక, కింద ఆకుపచ్చ 'డబ్ల్యు'. పిన్ని ముందు "చేప తోక" అంది. పెన్సిలు కాగితం మీద పెట్టి మళ్ళీ ఎత్తి, "మధ్యలో తెల్లగా వదిలేసిన చోట హెచ్ ఉందిరా" అంది. తోకకీ డబ్ల్యుకీ నడుమ ఎవరూ గీయని హెచ్ అది, హార్ట్‌ఫర్డ్ హెచ్. హాకీ చూసేవాళ్ళలోనే కొందరికి ఏళ్ళు పట్టింది దాన్ని పట్టుకోవడానికి. చుక్కల మధ్య ఖాళీ చూడటం అలవాటున్న ముగ్గులావిడకి మూడు సెకన్లు చాలాయి. లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌ని ఆ జట్టు ఒక్కసారీ గెలవలేదు. 1997లో కరొలైనాకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. ఆ తోక ఉన్న టోపీలూ జెర్సీలూ మాత్రం ఇప్పటికీ అమ్ముడుపోతున్నాయి.

రంగు తీసేసి, గోరంత చేయండి

ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి, బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి, బొటనవేలి గోరంత అయ్యేదాకా తగ్గించండి. ఇదే బొమ్మ రింక్ (హాకీ ఆడే మంచు మైదానం) మధ్యలో మంచు కింద, 30 అడుగుల వలయంలో కనిపించాలి. ఫోన్‌లో స్కోరు పక్కన చుక్కంతలోనూ కనిపించాలి. మనకిది కొత్త కాదు. ఎన్నికల గుర్తులన్నీ ఈ పరీక్ష పాసైనవే. గోడ మీద పెయింటరు పది నిమిషాల్లో వేసేయగలగాలి, ఓటింగ్ మిషన్ మీద నలుపు తెలుపుల్లో చదువురాని ముసలమ్మ కూడా గుర్తుపట్టాలి.

గోరంత చేశాక డెట్రాయిట్ ఈకలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. ఫిలడెల్ఫియా నిలబడుతుంది. న్యూజెర్సీ కూడా అంతే. 'ఎన్', 'జె' కలిపిన గీతకి పైన కొమ్ములు, కింద తోక, ఎంత చిన్నదైనా దెయ్యం దెయ్యంలాగే ఉంటుంది.

ఊరు కనబడుతోందా?

నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. పేరు చెరిపేసి, "ఇది ఇంకో ఊరికి పెడితే అతుకుతుందా?" అని అడగండి. అతికితే మార్కులు తగ్గించండి.

డెట్రాయిట్‌ది రెక్కలున్న చక్రం. 1932లో జట్టుని కొన్న జేమ్స్ నోరిస్ అంతకుముందు మోంట్రియల్‌లో ఒక అథ్లెటిక్ క్లబ్బులో ఉండేవాడు. సైకిల్ పందేల రోజుల నుంచి ఆ క్లబ్బు గుర్తు రెక్కల చక్రం. సైకిల్ చక్రాన్ని తెచ్చి కార్లు తయారయ్యే ఊళ్ళో పెట్టేసరికి అది కారు టైరైపోయింది. ఇంకే ఊరికి పెట్టినా ఇంత బాగా కుదరదు.

నాష్‌విల్ ప్రిడేటర్స్ లోగోలో, ఎప్పుడో అంతరించిపోయిన కోరల పులి ఉంటుంది. చూస్తే ఏ జట్టయినా పెట్టుకునే క్రూరమృగంలాగే ఉంటుంది. అయితే 1971లో ఆ ఊరి నడిబొడ్డున భవనం కోసం తవ్వుతుంటే నిజంగానే కోరల పులి ఎముకలు బయటపడ్డాయి. ఇలాంటి కథ తెలిశాక మార్కులు మార్చొచ్చా అంటే, సగమే మార్చండి అంటాను. కథ బొమ్మలో కనిపిస్తే పూర్తి మార్కులు, పక్కన కూర్చుని ఎవరో విప్పి చెప్పాల్సి వస్తే సగం.

ఇదే లెక్కన టొరంటో మేపుల్ లీఫ్స్ 2016లో తెచ్చిన ఆకుకి నేను పెద్దగా వేయలేదు. పాత స్టేడియం తెరిచిన 1931ని గుర్తుచేస్తూ ఆకుకి 31 మొనలు, జట్టు పుట్టిన 1917కి 17 ఈనెలు, అందులో 13 స్టాన్లీ కప్‌లకి గుర్తుగా పైభాగంలో 13. ఆకు చక్కగా ఉంది, నాకూ ఇష్టమే. గ్యాలరీలో కూర్చుని ఈనెలు లెక్కపెట్టేవాడు మాత్రం నాకింకా తగల్లేదు.

ఎదుటి జట్టువాళ్ళు ఏమని వెక్కిరిస్తారు?

ఈ ప్రశ్న ఏ డిజైన్ క్లాసులోనైనా చెప్తారో లేదో కానీ చెప్పాలి. న్యూయార్క్ ఐలాండర్స్ 1995లో, లాంగ్ ఐలాండ్ మ్యాప్ ఉన్న తమ పాత లోగో తీసేసి, హాకీ కర్ర పట్టుకున్న గడ్డం జాలరిని పెట్టారు. గీత బాగానే ఉంది. కానీ సూపర్‌మార్కెట్‌లో దొరికే చేపముక్కల డబ్బా మీద కూడా అలాంటి జాలరే ఉన్నాడు. ఇంకేముంది, ఎదుటి జట్టు రేంజర్స్ అభిమానులు "మాకు ఫిష్ స్టిక్స్ కావాలి" అని స్టేడియంలో అరుపులు మొదలెట్టారు. 1997కల్లా జాలరి పోయాడు.

బఫెలో సేబర్స్ 2006లో పరిగెత్తే దున్నని నున్నగా, మెలితిప్పి గీయిస్తే, అభిమానులకి దాంట్లో గుల్లలేని నత్త కనిపించింది. 'బఫ్ఫాస్లగ్' అని పేరు పెట్టేశారు. నాలుగు సీజన్లకే పాత లోగో, అడ్డంగా వేసిన రెండు కత్తులు, వాటి మీద దూకుతున్న దున్న, మళ్ళీ వచ్చాయి.

అందుకని మీ దగ్గరున్న లోగోని తలకిందులు చేసి చూడండి, పక్కకి తిప్పి చూడండి, ఇంట్లో బాగా ఎటకారం చేసే మనిషికి ఒకసారి చూపించండి. వాళ్ళు పెట్టిన పేరు మీ బుర్రలోంచి పోవడం లేదంటే పది మార్కులు కోసేయండి. ఒక్క జాగ్రత్త: వెక్కిరింత కూడా పాతబడుతుంది. ఆ జాలరినే ఐలాండర్స్ 2022లో ప్రత్యేక జెర్సీ మీదికి మళ్ళీ తెచ్చారు.

జెర్సీ మీద చూడండి

స్క్రీన్ మీద కాకుండా ఆటగాడి ఛాతీ మీద ఉన్న ఫొటో వెతకండి. చాలా జెర్సీల మీద ఒక్కో రంగుకీ ఒక్కో గుడ్డ పొర వేసి కుడతారు, రంగులు ఎక్కువైతే ఛాతీ మీద అట్టలా బిగుసుకుంటుంది. రెండు మూడు రంగులతో సరిపెట్టుకున్నవే దూరానికి బాగుంటాయి.

షికాగోని ఏం చేయాలి?

ర్యాంకింగుల్లో షికాగో బ్లాక్‌హాక్స్ తరచూ పైనే ఉంటుంది. రంగులు, గీత, జెర్సీ మీద నిండుదనం, అన్నిట్లోనూ మార్కులు పడతాయి. కానీ అది ఒక ఆదివాసీ మనిషి ముఖం. నేషనల్ కాంగ్రెస్ ఆఫ్ అమెరికన్ ఇండియన్స్ లాంటి సంఘాలు ఆటల జట్లకి ఇలాంటి గుర్తులు వద్దని ఎన్నాళ్ళుగానో అంటున్నాయి. 2020లో జట్టు పేరూ లోగో ఉంచుకుంది, స్టేడియంలోకి ఈకల తలపాగాలు పెట్టుకుని రావడాన్ని మాత్రం ఆపించింది. నేనైతే దాన్ని మార్కుల్లో కలపకుండా, పక్కన వేరే గడి గీసి అందులో రాస్తాను. గీత బాగుందని ఆ గడి ఖాళీగా వదిలేయను, ఆ గడి ఉందని గీతకి సున్నా వేయను.

చివరికి లెక్క

గుర్తుండిపోవడానికి 35, ఊరికి 30, చిన్నదైనా నిలబడినందుకు 20, జెర్సీకి 15. ఇవి నా మార్కులు. మీవి మీరు పెట్టుకోండి, కానీ లోగోలు చూడకముందే కాగితం మీద రాసేయండి. ఎందుకో రెక్కల జతతో చూపిస్తాను.

ఫిలడెల్ఫియాకి వరసగా 32, 12, 19, 13 వేశాను, మొత్తం 76. ఊరి దగ్గర పన్నెండే ఎందుకంటే అక్కడ 'పి' అక్షరం తప్ప ఊరి జాడ లేదు. 'పి'తో మొదలయ్యే హాకీ ఊరు అదే రాష్ట్రంలో ఇంకోటి ఉంది, పిట్స్‌బర్గ్. డెట్రాయిట్‌కి 24, 29, 13, 14, మొత్తం 80. డెట్రాయిట్ గెలిచింది.

ఇప్పుడు గుర్తుండిపోవడానికి 45, ఊరికి 20 అని మార్చి, అవే మార్కుల్ని ఆ దామాషాలో వేస్తే ఫిలడెల్ఫియాకి 81, డెట్రాయిట్‌కి 77. ఒక్క మార్కూ ముట్టుకోకుండానే ఫలితం తిరగబడింది. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు నాకు నచ్చిన చక్రం గెలిచేదాకా గడులు అటూ ఇటూ జరిపాను. ఇప్పుడు ఆ నాలుగు అంకెలూ ముందే పెన్నుతో రాస్తున్నాను. పెన్సిలు పిన్నికి.