ఐరిష్ పైరేట్ రేడియో క్యాసెట్ చేతికొస్తే

1980ల్లో డబ్లిన్‌లో లైసెన్స్ లేకుండా నడిచిన రేడియో నోవా, సన్‌షైన్ రేడియో లాంటి స్టేషన్ల ప్రోగ్రాములు ఇవాళ వినగలుగుతున్నామంటే చాలావరకు శ్రోతలు ఇంట్లో టేప్ చేసుకోబట్టే. అలాంటి క్యాసెట్ దొరికితే వెంటనే ప్లే నొక్కకండి. ముందు పైఅంచున ఉండే రెండు బుల్లి ప్లాస్టిక్ ముక్కలు విరిచేయండి, లేదంటే పొరపాటున రికార్డ్ బటన్ తగిలిందా, అంతే సంగతులు. ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఇక ప్లే చేసి, ప్లేయర్‌లో టేప్‌ని చదివే హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని కొద్దికొద్దిగా తిప్పుతూ గొంతు బాగా స్పష్టంగా వినిపించే చోట ఆపాలి. నన్నడిగితే సగం పని ఇదే. తర్వాత ప్లేయర్ లైన్ అవుట్ (శబ్దం బయటికొచ్చే సాకెట్) నుంచి కంప్యూటర్‌కి కలిపి, ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేవ్ (WAV) ఫైల్‌గా ఎక్కించండి. ఎంపీ3 సంగతి తర్వాత.

పాటల మధ్య ప్రకటనలు, వార్తలు బోర్ అని కత్తిరించేస్తారు కొందరు, ఆ పని మాత్రం చేయొద్దు, తేదీ పట్టిచ్చేది అవే. లేబుల్‌ని గుడ్డిగా నమ్మకండి: నోవా మొదలైందే 1981లో, కాబట్టి "నోవా, 1979" అని రాసుంటే ఎవరో తర్వాత గుర్తున్నంతలో రాసినట్టే. ఫైల్ పేరులో స్టేషన్, తేదీ, ఊరు పెట్టండి. తేదీ అంచనా అయితే పక్కన ప్రశ్నార్థకం తప్పనిసరి.