తిరగని సిలిండర్, పలకని కంపెనీ

చిత్తూరు దగ్గర మాకు మామిడితోట ఉంది. లైసెన్సు మీద కొన్న .32 రివాల్వర్‌లో సిలిండర్, అంటే తూటాలు పెట్టే గుండ్రటి భాగం, ఏడాది తిరక్కముందే బిగుసుకుపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే "కొరియర్ చేసేయండి సార్" అన్నాడొకాయన. తుపాకీ ఏమన్నా మామిడి తాండ్రా, పార్సిల్ కట్టడానికి! మెయిళ్లకు జవాబే లేదు. రెండు నెలలు ఇదే తంతు. పోనీ ఊళ్లో ఎవరిచేతనైనా విప్పిద్దామా అంటే, 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతు చేసేవాడికీ లైసెన్సు ఉండాల్సిందే.

చివరికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశా. బిల్లు, సీరియల్ నంబరు, ఫోన్ చేసిన తేదీలు అన్నీ ఇచ్చా. ఆ తేదీలు మా ఆవిడ క్యాలెండర్ మీద రాసిపెట్టినవే. తొమ్మిదో రోజు కంపెనీవాళ్లే ఫోన్ చేశారు! కొన్న డీలరుకే అప్పగించి రసీదు తీసుకున్నా. స్ప్రింగు మార్చి ఇచ్చారు, పైసా అడగలేదు. ట్రిగ్గర్ మాత్రం ఇప్పటికీ గట్టిగానే ఉంది.