నిద్ర పాఠాలు – 3: కార్టిసాల్ ఎక్కే వేళ, దిగే వేళ

గత పాఠంలో అడెనోసిన్ సంగతి చూశాం. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో పేరుకుంటూ నిద్ర మీదికి నెట్టేది అదే. దానికి ఎదురుగా, మనల్ని లేపి నిలబెట్టే కార్టిసాల్ ఈ పాఠం విషయం. అప్పుడు మొదలుపెట్టిన నిద్ర డైరీ దగ్గర పెట్టుకోండి, లెక్కలకు కావాలి.

కార్టిసాల్‌కు ‘ఒత్తిడి హార్మోన్’ అని పేరుపెట్టి, దాన్ని ఎలాగైనా తగ్గించాలని చెప్పేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ సలహా పట్టుకుంటే దారి తప్పుతారు. కార్టిసాల్ చాలకపోతే రక్తపోటు, రక్తంలో చక్కెర పడిపోతాయి. మనకు కావలసింది దాన్ని తగ్గించడం కాదు, దాని వేళలు సరిచేయడం.

ఇది మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల్లో తయారవుతుంది. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం దాని కిందుండే పిట్యూటరీ గ్రంథికి, పిట్యూటరీ అడ్రినల్‌కు కబురు పంపుతాయి. విడుదల ధారగా ఉండదు, దాదాపు గంటకో విడత. తెల్లవారుజామున విడతలు పెద్దవి, సాయంత్రానికి చిన్నవి. రాత్రి 11కి పడుకుని 6:30కి లేచే మనిషిని తీసుకోండి. అర్ధరాత్రి ప్రాంతంలో కార్టిసాల్ అట్టడుగున ఉంటుంది. రెండు, మూడు గంటలకు ఎక్కడం మొదలై, లేచే వేళకు శిఖరం దగ్గరికొస్తుంది. కళ్లు తెరిచాక 30–45 నిమిషాల్లో చాలామందికి ఇంకో ఎగుడు వస్తుంది, ఉన్నదానికి దాదాపు సగం అదనంగా. అక్కణ్ణుంచి రాత్రిదాకా దిగుడే.

నిద్రతో దీని లంకె రెండు వైపులా ఉంది. రాత్రి మొదటి భాగంలో వచ్చే గాఢనిద్ర కార్టిసాల్‌ను అణచి ఉంచుతుంది. కార్టిసాల్ ఎక్కే వేళలో పడుకుంటే నిద్ర పలచబడుతుంది. రాత్రి షిఫ్టు చేసి ఉదయం ఎనిమిదింటికి పడుకున్నవాళ్లకు నాలుగైదు గంటలకే మెలకువ రావడానికి ఇదొక కారణం. ఒళ్లు అలసిపోయినా లోపలి గడియారం పగలనే అంటోంది. ఇక నిద్ర తగ్గిస్తే ఏమవుతుందో షికాగో విశ్వవిద్యాలయంలో ఈవ్ వాన్ కాటర్ బృందం 1997లో చూపించింది. ఆరోగ్యంగా ఉన్న యువకులను ఒక్క రాత్రి నాలుగు గంటలే పడుకోనిస్తే, మర్నాడు సాయంత్రం కార్టిసాల్ 37 శాతం ఎక్కువగా ఉంది, దిగి కుదుటపడటం కూడా గంటకు పైగా ఆలస్యమైంది. అంటే ఒక రాత్రి కొరత మరుసటి రాత్రి నిద్రనూ వెనక్కి నెడుతుంది.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. మొదట కుదర్చాల్సింది పడుకునే వేళ కాదు, లేచే వేళ. నిద్రను బలవంతంగా రప్పించలేం, లేవడం మాత్రం మన చేతిలో ఉంది.

డైరీలో ఏడు రోజుల లేచిన వేళలు చూడండి. పనిరోజులకూ ఆదివారానికీ తేడా గంట దాటితే మీ మొదటి సమస్య అదే. వారమంతా నిలబెట్టుకోగల వేళ ఒకటి ఎంచుకోండి. దాన్ని ఆదర్శాల నుంచి కాక, రాత్రి తప్పని పని నుంచి వెనక్కి లెక్కించాలి. బెంగళూరు బెళ్లందూరులో ఉంటూ కాలిఫోర్నియావాళ్లతో పనిచేసేవారి లెక్క ఇది: అక్కడ ఉదయం 9 అంటే వేసవిలో మనకు రాత్రి 9:30, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి అప్పట్నుంచి 10:30. కాల్ 11:30కి ముగిస్తే, కార్టిసాల్ దిగడానికి ఒక గంట, 12:30కి పడక, 7:30కి లేవడం. ఆఫీసు క్యాబ్ 7 గంటలకే వస్తుందంటే ఈ లెక్క కుదరదు. అప్పుడు మార్చాల్సింది కాల్‌నో క్యాబ్‌నో. అయిదింటికి అలారం పెట్టుకోవడం పరిష్కారం కాదు, అది 37 శాతం దారి. నవంబరు మార్పుకు నాలుగు రోజుల ముందు నుంచి రోజుకు 15 నిమిషాలు జరుపుకుంటూ వెళ్లండి. మార్చి రెండో ఆదివారానికి అదే తిరగేసి చేయాలి.

రెండోది వెలుగు. గడియారాన్ని దిద్దేది అదే. లేచిన అరగంటలోపు ఆరుబయట 20–30 నిమిషాలు ఉండండి. బెంగళూరులో సూర్యోదయం ఏడాది పొడవునా దాదాపు 5:50కీ 6:45కీ మధ్యే కాబట్టి 7:30కి లేచినా ఎండ ఉంటుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ముసురు పట్టిన రోజుల్లో ఇంకో పది నిమిషాలు కలపండి. మబ్బులోనూ బయట వెలుగు వేల లక్స్‌లలో (లక్స్ వెలుగు కొలత) ఉంటుంది, ఇంట్లో ట్యూబ్‌లైటు కింద అది మూడు వందలు దాటడమే కష్టం. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పీజీ హాస్టల్ వరండాలో నడవడం లెక్కలోకి రాదు. పక్క అపార్ట్‌మెంటు గోడ వైపు తెరుచుకునే కిటికీ, నల్లటి అద్దాల క్యాబ్ కూడా అంతే. డాబా మీదికెళ్లండి, లేదా వీధి చివరి దాకా నడవండి. సూర్యుణ్ణి సూటిగా చూడొద్దు, చలువ కళ్లద్దాలు మాత్రం తీసేయండి.

కాఫీ. లేచాక గంటన్నర ఆగి తాగాలన్న మాట బాగా ప్రచారంలో ఉంది, మేం దానికి అంత విలువ ఇవ్వం. చివరి కాఫీ ఎప్పుడన్నదే ముఖ్యం. కెఫీన్‌లో సగం వదలడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది, గర్భనిరోధక మాత్రలు వాడేవారికి ఇంకా ఎక్కువ. పడక వేళ నుంచి తొమ్మిది గంటలు తీసేయండి: 12:30 పడకకు మధ్యాహ్నం 3:30. సాయంత్రం ఆరింటికి దర్శిని హోటల్లో బై టూ (ఒక కాఫీని ఇద్దరికి పంచడం) చెప్పినా మోతాదు సగమవుతుందంతే, వేళ మారదు.

రాత్రి సంగతి. కార్టిసాల్ రక్తంలో సగానికి తగ్గడానికే గంట, గంటన్నర పడుతుంది. వాదన జరిగిన కాల్ ముగించి ల్యాప్‌టాప్ మూసిన పది నిమిషాలకే నిద్ర రాకపోవడం మీ లోపం కాదు. కాల్‌కూ పడకకూ మధ్య ఉంచుకున్న ఆ గంటలో పెద్ద లైట్లు ఆపి చిన్న దీపం ఒకటే ఉంచండి, మెయిల్ తెరవకండి. పదింటికి బరువులెత్తే అలవాటుంటే దాన్ని సాయంత్రానికి మార్చండి.

రక్తపరీక్ష చేయించుకోవాలా? నిద్ర పట్టకపోవడం ఒక్కటే కారణమైతే వద్దు. ఉదయం ఎనిమిదింటి ఒక్క అంకె రోజంతటి గీతను చూపించదు. కార్టిసాల్ మితిమీరిన జబ్బు ఉందని అనుమానిస్తే వైద్యులు రాత్రి పొద్దుపోయాక తీసిన లాలాజలం, 24 గంటల మూత్రం వంటివి అడుగుతారు. ‘అడ్రినల్ ఫటీగ్’ (అడ్రినల్ గ్రంథుల అలసట) పేరుతో అమ్మే మందులకు డబ్బు తగలేయకండి, వైద్యశాస్త్రం అలాంటి జబ్బును గుర్తించలేదు. ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ వాడుతూ నిద్ర పట్టకపోతే, దాన్ని ఉదయం వేసుకోవచ్చా అని మీ డాక్టర్ని అడగండి. సొంతంగా మానడం ప్రమాదకరం.

ఈ వారం డైరీలో మూడు గళ్లు చేర్చండి: లేచిన వేళ, ఆరుబయట గడిపిన నిమిషాలు, చివరి కాఫీ వేళ. నిద్ర రాకముందే మంచం ఎక్కకండి, లేచే వేళ మాత్రం ఆదివారం కూడా జరపకండి. మొదటి రెండు మూడు రోజులు పగలు తూగొస్తుంది. కునుకు తప్పదనుకుంటే మధ్యాహ్నం మూడు కాకముందే, 20 నిమిషాలు. అలాంటి రోజు బండి నడపొద్దు. నడిరాత్రి మూడింటికి మెలకువ వచ్చేవాళ్లు ఆ వేళనూ, తిరిగి పట్టడానికి పట్టిన సమయాన్నీ ఉదయం లేచాక అందాజుగా రాయండి, రాత్రి గడియారం చూడకుండా. నాలుగో పాఠం ఆ గడితోనే మొదలవుతుంది.