సిల్క్ ఫ్లై లైన్ మునిగినా, అంటుకున్నా, తెగినా: ముందు ఏం చూడాలి, తర్వాత ఏం చేయాలి

సిల్క్ ఫ్లై లైన్ అంటే ఫ్లై ఫిషింగ్‌లో, అంటే పురుగులా కట్టిన తేలికపాటి ఎరని (ఫ్లై) రాడ్‌తో విసిరి చేపలు పట్టేటప్పుడు, వాడే పట్టు తాడు. సిల్క్ లైన్ పాడైపోయిందని తేల్చేసేవాళ్ళలో చాలామంది దగ్గర లైన్‌కి వచ్చిన జబ్బేమీ ఉండదు. సరిగ్గా ఆరి ఉండదు, లేదంటే గ్రీజు ఎక్కువై ఉంటుంది, అంతే. ఆ రెండూ చూసుకోకుండా పాత పూత మొత్తం ఊడగొట్టి కొత్తగా నూనె పట్టించే పనికి దిగుతారు, అది వారాల పని, మధ్యలో ఎక్కడో ఓపిక పోతుంది, అప్పుడు లైన్ నిజంగానే పోతుంది. నేనూ అలాగే ఒకటి పోగొట్టుకున్నాను, ఆ సంగతి కింద చెప్తాను. అందుకే ఏ సమస్యకైనా తేలిక మందు ముందు రాశాను, కష్టమైనది తర్వాత.

ఒక్క విషయం తెలిస్తే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. 1950లలో ప్లాస్టిక్ పూత లైన్లు వచ్చేదాకా మంచి ఫ్లై లైన్ అంటే పట్టుదే. పట్టు పోగుల్ని జడలా అల్లి, మధ్యలో లావుగా చివర్లలో సన్నగా వచ్చేట్టు చేసి, అవిసె నూనె పట్టించి, ఆరబెట్టి, నున్నగా రుద్దుతారు. పట్టు నీటికంటే బరువు, సాంద్రత దాదాపు 1.3. కాబట్టి ఈ లైన్ దానంతటది తేలదు. పైన రాసిన గ్రీజు నీటిని దగ్గరికి రానివ్వదు, అందువల్ల నీటి పైపొర మీద కూర్చుంటుంది, నీళ్ళ మీద నడిచే పురుగులాగా. అంటే నూనె పూత పని వేరు, గ్రీజు పని వేరు. నూనె పూత పోగుల్లోకి నీరు దిగకుండా ఆపుతుంది, గ్రీజు తేలుస్తుంది. ఏ సమస్య వచ్చినా తప్పు ఈ రెండింట్లో ఎక్కడుందో పట్టుకుంటే సగం పని అయినట్టే.

లైన్ మునిగిపోతోంది

ఎప్పుడు మునుగుతోందో చూడండి. మూడు నాలుగు గంటలు వాడాక కిందికి దిగడం మొదలైతే అది సమస్యే కాదు, గ్రీజు అరిగిపోయింది, సిల్క్ లైన్ తీరే అంత. ఒడ్డుకి వచ్చి, లైన్ బయటికి లాగి, పొడిగుడ్డతో గట్టిగా తుడిచి, కాసేపు ఆరనిచ్చి మళ్ళీ పల్చగా రాయండి. రెండు చివర్లా సన్నబడే డబుల్ టేపర్ అయితే పాతవాళ్ళ ఉపాయం ఇంకోటి ఉంది: మధ్యాహ్నానికి లైన్‌ని తిరగేసి, రీల్ లోపలున్న పొడి సగాన్ని బయటికి తెచ్చుకోవడం. మొత్తం విప్పి మళ్ళీ చుట్టాలి కాబట్టి విసుగు పనే, కానీ చేపలు కదులుతున్న రోజున లైన్ ఆరేదాకా కూర్చోవడం కంటే నయం.

నీళ్ళలో వేసిన పది నిమిషాలకే మునిగితే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, తడి లైన్ మీద గ్రీజు రాశారు. కింద తేమ చిక్కుకుపోయింది, గ్రీజు పట్టలేదు. తుడిచేసి రాత్రంతా ఆరబెట్టి మళ్ళీ రాయడమే. రాయడం కూడా బయల్దేరే ముందు హడావిడిగా కాదు, ముందు రాత్రే. వేలికొన మీద కొంచెం తీసుకుని, లైన్ పొడవునా వేళ్ళ మధ్య లాగుతూ రుద్ది, చివరికి శుభ్రమైన గుడ్డతో మొత్తం తుడిచేయండి. ఇంత కష్టపడి రాసింది తుడిచేశామే అనిపించాలి, అదే సరైన పాళ్ళు. చలికి గ్రీజు గడ్డకట్టి ముద్దముద్దగా అంటుతుంటే డబ్బా కాసేపు జేబులో పెట్టుకోండి, ఒంటి వేడికే మెత్తబడుతుంది.

ఏ గ్రీజు అంటే మ్యూసిలిన్ అనే కంపెనీ గ్రీజు, ఎరుపు డబ్బా. ఆకుపచ్చ డబ్బాలో సిలికోన్ ఉంటుంది, ఇంకా బాగా తేలుస్తుంది కదా అని చాలామంది దానికి పోతారు, కానీ సిలికోన్ ఒకసారి పట్టిన చోట తర్వాత నూనె పూత సరిగ్గా అంటుకోదు. ఏదో ఒక రోజు పూత మళ్ళీ వేయాల్సి వస్తుంది కాబట్టి దాన్ని దూరంగా ఉంచండి.

చివరి నాలుగైదు అడుగులు మాత్రమే మునుగుతుంటే పూత పగిలి ఉండొచ్చు, ఎందుకంటే అన్నిటికంటే సన్నగా ఉండేదీ, కాస్ట్ చేసినప్పుడు, అంటే లైన్ విసిరినప్పుడు, ఎక్కువ దెబ్బ తినేదీ అక్కడే. గ్రీజు శుభ్రంగా తుడిచి ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే పూత బాగానే ఉంది, గ్రీజు సరిచేసుకుంటే చాలు. ఇంకిపోయి అక్కడ రంగు ముదిరితే పగులున్నట్టు. ఆ మేరకి మాత్రం పల్చగా అవిసె నూనె రుద్ది, తుడిచి, పూర్తిగా ఆరేదాకా వదిలేయండి. లీడర్‌కి, అంటే లైన్ చివర ఫ్లై కట్టే సన్నటి దారానికి, మాత్రం గ్రీజు అంటనివ్వకండి, అది మునిగితేనే మంచిది, పైన తేలే లీడర్ నీడ నిలకడ నీటిలో చేపల్ని బెదరగొడుతుంది.

వేళ్ళకీ రాడ్ రింగులకీ అంటుకుంటోంది

ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే, ఎక్కువ లైన్లు అనవసరంగా నాశనమయ్యేదీ ఇక్కడే. జిగురు మూడు రకాలు, మూడూ చేతికి ఒకేలా తగులుతాయి.

మొదటిది పాత గ్రీజు. వారాల తరబడి ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ పోయారు, దానికి దుమ్మూ ఇసుకా తోడయ్యాయి. గుడ్డతో లాగితే నల్లటి మడ్డి వస్తే ఇదే. గోరువెచ్చని నీటిలో కాస్త మామూలు సబ్బు కలిపి, మెత్తటి గుడ్డలో పట్టి లైన్ లాగండి, మంచి నీటితో కడిగి రెండు రోజులు నీడన ఆరబెట్టండి. జిగురు పోయిందా, పని అయిపోయింది. ఈ మడ్డిని వదిలేస్తే ఇంకో నష్టం కూడా ఉంది, అందులోని ఇసుక గరుకు కాగితంలా పనిచేసి ఇటు పూతనీ అటు రాడ్ రింగుల్నీ అరగదీస్తుంది. కాస్ట్ చేసేటప్పుడు గరగరమనే శబ్దం వస్తే అర్థం అదే.

రెండోది, కడిగినా పోని జిగురు. నూనె పూత పైపొర మెత్తబడింది. ఎండలో ఆగిన కారులో రీల్ వదిలేయడం, లైన్ బిగుతుగా చుట్టి నెలల తరబడి పెట్టేయడం, దోమల మందో సన్‌స్క్రీనో రాసుకున్న చేత్తో పట్టుకోవడం, పెట్రోలో థిన్నరో పెట్టి తుడవడం, వీటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. పెద్ద మందేమీ వద్దు. వదులుగా పెద్ద చుట్టలు చుట్టి గాలాడే నీడలో కొన్ని వారాలు వేలాడదీయండి, అప్పుడప్పుడూ టాల్కం పౌడర్ అద్దిన గుడ్డలో లాగుతూ ఉండండి. చాలా లైన్లు దీనికే గట్టిపడతాయి. మేకుకి మాత్రం తగిలించకండి, మడతపడిన చోట పూత చిట్లుతుంది, లావుపాటి గుండ్రటి కర్రో పీపానో చూసుకోండి.

మూడోది, గోరుతో గీరితే పూత ముద్దలా ఊడి వచ్చేది. పాత లైన్లు దశాబ్దాలు డబ్బాల్లో పడి ఉండి ఇలా అవుతాయి. దీనికి పూత తీసేయక తప్పదు.

తీయడానికి వాషింగ్ సోడా వాడతారు. చేయి పెట్టగలిగినంత వేడి నీటిలో కొద్దిగా కలిపి లైన్ వదులుగా వేయండి. క్షారం నూనెని సబ్బుగా మార్చేస్తుంది, నీరు టీ రంగుకి తిరుగుతుంది. పావుగంటకోసారి తీసి గుడ్డతో లాగి చూడండి, నీరు మార్చండి, చాలకపోతే ఇంకోసారి. తొందరపడి సోడా గుమ్మరించొద్దు, నీళ్ళు మరిగించొద్దు. పూత పోయాక మంచి నీటితో కడిగి, కొంచెం వెనిగర్ కలిపిన నీటిలో ఒకసారి ముంచి, మళ్ళీ కడగండి, క్షారం మిగలకూడదు.

నేను పోగొట్టుకున్న లైన్ కథ ఇక్కడిదే. వాషింగ్ సోడా నెమ్మదిగా పనిచేస్తోందని, రెండూ సోడాలే కదా అని, కాస్టిక్ సోడా కొంచెం వేసి రాత్రంతా నానబెట్టాను. పట్టు మాంసకృత్తు, గట్టి క్షారం దాన్ని కరిగిస్తుంది. పొద్దున్నే చేయి పెడితే లైన్ స్థానంలో నూడుల్స్ లాంటిదేదో వచ్చింది. బ్లీచ్ కూడా ఇదే పని చేస్తుంది, బూజు మచ్చలు పోతాయని ఎవరైనా చెప్పినా వినకండి.

పూత తీసిన లైన్ కనీసం రెండు మూడు రోజులు ఆరాలి. ఆ తర్వాత నూనె. పెయింట్ల దుకాణంలో దొరికే బాయిల్డ్ లిన్‌సీడ్ ఆయిల్ కావాలి, వంటకి వాడే అవిసె నూనె కాదు, అది ఆరడానికి ఎప్పటికో అవుతుంది. పేరు బాయిల్డ్ అయినా త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలిపిన నూనె అది, చేతులకి గ్లవ్స్ వేసుకోవడం మంచిది. సీసాలో నూనె పోసి లైన్ వేసి వాక్యూమ్ పంపుతో గాలి లాగితే పోగుల మధ్య గాలి బుడగలుగా బయటికొస్తుంది, వాక్యూమ్ వదలగానే నూనె ఆ ఖాళీల్లోకి దూరుతుంది. పంపు లేకపోతే సీసాని వేడినీళ్ళ గిన్నెలో పెట్టి నూనె గోరువెచ్చగా చేసి ఒక రోజంతా నాననివ్వండి, అంత లోతుగా పోదు కానీ పని జరుగుతుంది. నూనెని పొయ్యి మీద పెట్టకండి.

బయటికి తీశాక గుడ్డలో గట్టిగా పట్టి లాగి అదనపు నూనె మొత్తం పిండేయండి. రెండు గుంజల మధ్య సాగదీసి కట్టి గాలీ వెలుతురూ ఉన్నచోట ఆరనివ్వండి. ఇక్కడే ఓపిక కావాలి. ఈ నూనె నీళ్ళలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ని పట్టుకుని గట్టిపడుతుంది, అదీ పైనుంచి లోపలికి. మందంగా రాస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది, అప్పుడు మీరు ఊడగొట్టిన జిగురు లైనే మళ్ళీ తయారు. గోరు గుచ్చినా గుర్తు పడనంతగా ఆరాకే రెండో పూత, అదీ పల్చగా, మధ్యలో టాల్కం పౌడర్‌తో రుద్దుతూ. నేనైతే నాలుగు పూతలకి తక్కువ వేయను.

నూనె తుడిచిన గుడ్డల్ని ముద్దచేసి మూల పడేయొద్దు. ఆరేటప్పుడు పుట్టే వేడికి అవి వాటంతటవే అంటుకుంటాయి, ఇది బెదిరించడానికి చెప్తున్నది కాదు, నిజంగా ఇళ్ళు తగలబడ్డాయి. నీళ్ళలో ముంచి మూత ఉన్న ఇనప డబ్బాలో వేయండి, లేదా విడివిడిగా పరిచి బయట ఆరబెట్టండి.

కొత్త లైన్ తీగలా బిగుసుకుని ఉంది

అలాగే ఉంటుంది. పల్చగా గ్రీజు రాసి, వేళ్ళ మధ్య కొన్నిసార్లు లాగి, నాలుగైదు సార్లు వాడండి, మెత్తబడుతుంది. పురి తిరిగి మెలికలు పడుతుంటే ఫ్లై విప్పేసి పారే నీటిలో లైన్ కాసేపు వదలండి, పురి దానంతటదే విడిపోతుంది.

రాడ్‌కి బరువు కుదరట్లేదు

పాత సిల్క్ లైన్ మీద నంబర్ ఉండదు, హెచ్‌డీహెచ్ లాంటి అక్షరాలుంటాయి. ఆ అక్షరాలు వరసగా చివర, మధ్య, చివర లావుని చెప్తాయి, బరువుని కాదు: డి అంటే 0.045 అంగుళం, హెచ్ అంటే 0.025. ఇప్పటి నంబర్లు మొదటి 30 అడుగుల బరువుని బట్టి వచ్చాయి, 5వ నంబర్‌కి 140 గ్రెయిన్లు, 6వ నంబర్‌కి 160, అంటే సుమారు 9.1, 10.4 గ్రాములు. హెచ్‌డీహెచ్ దాదాపు 6కి సరిపోతుందంటారు, కానీ ఒక్కో తయారీ ఒక్కో రకం, పైగా మీరు వేసిన పూత బరువు కూడా కలుస్తుంది. పొడి లైన్‌లో 30 అడుగులు కొలిచి చిన్న డిజిటల్ కాటాలో తూచేస్తే వాదనే ఉండదు. సన్నగా కనిపిస్తోంది కదా అని మోసపోకండి, అంతే బరువున్న ప్లాస్టిక్ లైన్ కంటే సిల్క్ సన్నగానే ఉంటుంది, గాలికి ఎదురు బాగా వెళ్ళేది అందుకే.

బూజు వాసన, ఉన్నట్టుండి తెగడం

తడి లైన్‌ని రీల్ మీదే వదిలేస్తే వచ్చేది ఇది. చివర పరవాలేదు, ఎలాగూ ఆరుతుంది, కుళ్ళేది లోపలి భాగం, బ్యాకింగ్ (రీల్ మీద లైన్ కింద ముందుగా చుట్టే దారం) పక్కన తడి పట్టి ఉండేది. అందుకే చేపలు పట్టిన ప్రతి రోజూ సాయంత్రం లైన్ మొత్తం, కింద ఉన్న తడి బ్యాకింగ్‌తో సహా, బయటికి తీయాలి. ఎంత అలసిపోయినా సరే.

బలం చూడటానికి మీటరు మీటరు చేతుల మధ్య పట్టి నిలకడగా లాగండి, ఝాడించొద్దు. మంచి పట్టు గట్టిగా ఎదురు లాగుతుంది. చిటపటమని సన్నటి శబ్దం వచ్చినా, ఒక చోట పోగులు రేగి బొచ్చులా లేచినా అక్కడ పోయినట్టే. మచ్చ చూసి భయపడొద్దు, మచ్చ ఉండి బలంగా ఉన్నవీ ఉన్నాయి, మచ్చ లేకుండా ఎండకి చచ్చుబడినవీ ఉన్నాయి, లాగి చూస్తేనే తెలుస్తుంది. చివర రెండు మూడు అడుగులే పోతే కత్తిరించి, కొసని మడిచి పట్టుదారంతో బిగించి చుట్టి వార్నిష్ వేసి కొత్త లూప్ చేసుకోండి. డబుల్ టేపర్‌లో ఒక సగమే పోతే మిగతా సగం బ్యాకింగ్‌కి కట్టి ఇంకొన్నేళ్ళు వాడొచ్చు. పొడవునా బలహీనమైతే మాత్రం నూనె ఎంత పట్టించినా తిరిగి రాదు, కుళ్ళిన పోగుకి పూత బలం ఇవ్వదు.

అలా పోయిన లైన్‌ని పారేయకండి. పది అడుగుల ముక్కలు చేసి పెట్టుకుంటే, మంచి లైన్‌ని సోడాలో వేసే ముందు ఒక ముక్క వేసి చూసుకోవచ్చు, కొత్తగా తెచ్చిన నూనె ఎన్ని రోజులకి ఆరుతుందో ఇంకో ముక్క మీద తెలుసుకోవచ్చు. నా దగ్గర ఇప్పుడు అలాంటివి ఏడు ముక్కలున్నాయి.