ఎస్టీపీ (మురుగుశుద్ధి కేంద్రం) నడపడం, 5వ పాఠం: బురద తోడే ముందు, సాయం అడిగే ముందు

మురుగుశుద్ధికి ప్రభుత్వం నుంచి సాంకేతిక సాయం ఎలా పొందాలో ఈసారి చెబుదామనుకున్నాను. కానీ పోయిన పాఠం చదివి జార్ పరీక్ష (గాలి ఊదే ఏరేషన్ ట్యాంకు నీళ్లు జార్‌లో పోసి బురద ఎంతవరకు దిగుతుందో చూడటం) చేసినవాళ్లలో చాలామంది ఒకేచోట తప్పటడుగు వేశారు. ముందు దాని సంగతి చూద్దాం.

లీటరు జార్‌లో 30 నిమిషాలకు బురద 800 మి.లీ. గీత దగ్గర ఆగింది. ఎక్కువైందనుకుని ట్యాంకర్ పిలిచి తోడించేశారు. వారం తిరక్కుండా ఔట్‌లెట్ నీళ్లు మసకబారాయి. ఆ ఒక్క అంకె చూసి ఏమీ చేయొద్దని నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది.

800 అంటే బురద ఆక్రమించిన చోటు, బురద బరువు కాదు. కిలో దూది గోనెసంచిని నింపేస్తుంది, కిలో బియ్యం అడుగున కూర్చుంటాయి. అందుకే 800ని వెయ్యితో గుణించి, ట్యాంకు నీళ్లలో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల బురద ఉందో చెప్పే ఎంఎల్‌ఎస్‌ఎస్‌తో భాగించాలి. ఎంఎల్‌ఎస్‌ఎస్ 6,000 ఉంటే 133 వస్తుంది, అంటే గ్రాము బురద 133 మి.లీ. చోటు ఆక్రమిస్తోంది. బురద మంచిదే, మోతాదు మించింది, రోజూ కాస్త కాస్త తీయండి. అదే 3,000 ఉంటే 267. 150 దాటితేనే అనుమానించాలి, ఇది ఎంతో దాటింది. పోగుల్లాంటి బ్యాక్టీరియా అల్లుకుని బురద ఉబ్బింది. దీన్ని తోడితే పనిచేసే కాస్త బురదా పోతుంది. గాలి సరిపోతోందా, వంటగదుల జిడ్డు వస్తోందా చూడండి.

ఎంఎల్‌ఎస్‌ఎస్ ల్యాబ్ రిపోర్టు కోసం నేను ఆగను. సగం ఏరేషన్ ట్యాంకు నీళ్లు, సగం క్లారిఫయర్ (బురద కిందికి దిగే ట్యాంకు) మీంచి పొర్లే తేటనీళ్లు కలిపి మళ్లీ పరీక్షిస్తాను. 250కి దిగితే చిక్కదనమే కారణం. 600 దగ్గరే వేలాడితే పోగులు. క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లు మాత్రం కలపొద్దు.

చక్కగా దిగిన బురద గంటా రెండు గంటలకు ముద్దలుగా తేలితే అది నైట్రోజన్ బుడగల పని. పుల్లతో కదిపితే దిగిపోతుంది. క్లారిఫయర్‌లో బురద నిలవుండకుండా రిటర్న్ (ఏరేషన్ ట్యాంకుకు తిరిగి పంపే బురద) పెంచండి.

ఇక సాయం. 1974 నీటి చట్టం 16వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లకు సాంకేతిక సాయం, శిక్షణ, శుద్ధిపై మాన్యువళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి బాధ్యతలు. కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజినీరింగ్ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ 2013 మాన్యువల్‌లో బి భాగం మొత్తం నిర్వహణ గురించే. నేను ముందు తెరిచేది అదే. హైదరాబాద్‌లో 1992లో ఏర్పడిన పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధన సంస్థ ఈపీటీఆర్‌ఐ శిక్షణ ఇస్తుంది. తనిఖీకి వచ్చేదీ, దారి చెప్పేదీ రాష్ట్ర మండలే కాబట్టి చాలామంది అడగడానికి జంకుతారు. చెరువులో మురుగు కలిశాక కాదు, కలవకముందే అడగాలి. అయితే ‘నీళ్లు బాగాలేవు’ అని రాస్తే ఏ ఇంజినీరూ ఏమీ చెప్పలేడు.

అభ్యాసం: 14 రోజులు, ఉదయం 7కి, రాత్రి 9కి జార్ పరీక్ష. 5, 10, 30 నిమిషాల రీడింగులు, ట్యాంకులో కరిగిన ఆక్సిజన్, గాలి ఊదే బ్లోయర్ నడిచిన గంటలు, కరెంటు పోయిన సమయం, తీసిన బురద రాయండి. ఒక్క పూటా వదలొద్దు. మండలికి రాసే ఉత్తరానికి ఆ కాగితాన్నే జతచేయండి.